బి గెలిస్తేనే.. పైకి పిలుపు!

బెంగళూరు: కబ్బన్ పార్కు పక్కనున్న కంఠీరవ ఇండోర్ స్టేడియం.. 2017 అక్టోబరులో పదహారేళ్లలోపు అమ్మాయిల ఆసియా బాస్కెట్‌బాల్ పోటీలకు వేదికైంది. కప్పు ఆస్ట్రేలియా ఎగరేసుకుపోయింది. జపాన్‌ది రెండో స్థానం. మరి మనమ్మాయిలో? వాళ్లూ గెలిచారు.. కాకపోతే బి డివిజన్‌లో!

‘ఓస్.. బి డివిజనేనా’ అనుకుంటే పొరపాటే. ఎ డివిజన్‌లో ఆడేది ఎనిమిది జట్లే. ప్రపంచకప్పుకు వెళ్లేది అందులో మొదటి నాలుగే. కింద ఉన్నోళ్లు ఎంత బాగా ఆడినా ఆ తలుపు తెరుచుకోదు. ముందు బి గెలవాలి.. అప్పుడే పైకి పిలుపు. మనమ్మాయిలు ఎక్కింది ఆ మెట్టే.

అంతకు మూడు నెలల ముందే ఇదే నగరంలో అక్కలు దారి చూపించారు. జులైలో జరిగిన మహిళల ఆసియా కప్ బి డివిజన్ ఫైనల్లో కజకిస్థాన్‌పై 75-73తో గట్టెక్కారు. తేడా ఒక్క బుట్టే!

2018, 2022లో పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయిల ఆసియా పోటీలూ బెంగళూరుకే వచ్చాయి. కోలారు, హిందూపురం వాళ్లకు పొద్దున రైలెక్కితే అందే దూరమే. మళ్లీ వస్తే మీ అమ్మాయినీ వెంటబెట్టుకెళ్లండి. కళ్లారా చూస్తేనే కదా.. నేనూ ఆడాలనే ఆశ పుట్టేది!