అందరూ వింటుండగా పుట్టే రహస్యం

ఇంటర్ పిల్లలకు ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుందో చెబుతున్నాను. వెబ్ చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే మన బ్రౌజరూ అవతలి సర్వరూ మాట్లాడుకునేదంతా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుందనీ, దారిలో పట్టుకున్నవాడికి ఏమీ అర్థం కాదనీ అన్నాను. వెంటనే ఒక అమ్మాయి లేచింది. “సార్, దానికి ఇద్దరి దగ్గరా ఒకే కీ ఉండాలి కదా. ఆ కీ కూడా ఆ దారినే వెళ్ళాలి కదా. వినేవాడు దాన్ని కూడా పట్టుకోడా?”

శతాబ్దాల పాటు రహస్య లిపులన్నీ ఈ ప్రశ్న దగ్గరే చిక్కుకున్నాయి. రాజులైనా, రాయబారులైనా, సైన్యాలైనా కీని నమ్మకస్తుడి చేతికిచ్చి ముందుగా పంపాల్సిందే. మనం మొదటిసారి తెరిచిన రైలు టికెట్ల సైటుకూ మన ఫోనుకూ మధ్య అలాంటి మనిషెవరూ తిరగలేదు. అయినా పేజీ తెరుచుకునేలోపే రెండింటి దగ్గరా ఒకే కీ ఉంటుంది. దాన్ని ఎవరూ ఎవరికీ పంపలేదు! వెబ్ భద్రత మొత్తంలో నన్ను కట్టిపడేసేది ఈ ఒక్క ఘట్టమే.

1974లో బర్కిలీలో రాల్ఫ్ మెర్కిల్ అనే విద్యార్థి ఇదే ప్రశ్నను కోర్సు ప్రాజెక్టుగా రాసిచ్చాడు. ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. మెర్కిల్ కోర్సునే వదిలేసి ఆలోచనను పట్టుకున్నాడు. అతని ఉపాయం ఇది: నేను మీకు పది లక్షల చిన్న చిన్న పజిళ్ళు పంపుతాను. ఒక్కోదానిలో ఒక నంబరూ ఒక కీ దాగి ఉంటాయి. మీరు ఏదో ఒకటి తీసి, విప్పి, అందులోని నంబరు మాత్రం పైకి చెబుతారు. ఆ నంబరుకు జత కీ ఏదో నాకు తెలుసు. వినేవాడికి మాత్రం ఆ నంబరు ఏ పజిల్‌లో ఉందో తెలియదు, సగటున ఐదు లక్షలు విప్పుకుంటూ పోవాలి. అపరిచితులు బహిరంగంగా మాట్లాడుకుంటూనే రహస్యం తయారుచేసుకోవచ్చని చూపిన దారి ఇది. కాకపోతే పది లక్షల పజిళ్ళు తయారుచేయడం మనకే భారం. ఆ భారంతో పోలిస్తే వినేవాడి శ్రమ చాలినంత పెరగదు.

అదే ఏడాది విట్‌ఫీల్డ్ డిఫీ స్టాన్‌ఫర్డ్‌లో మార్టిన్ హెల్‌మన్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికే అతను ఈ ప్రశ్న నెత్తిన పెట్టుకుని, తెలిసినవాళ్ళు ఎక్కడున్నా కారేసుకుని వెళ్ళి కలుస్తున్నాడు. అరగంట అనుకున్న భేటీ రాత్రిదాకా సాగింది. 1976 నవంబరులో ఇద్దరి వ్యాసం అచ్చయింది. అందులోని లెక్కకు కావలసింది హైస్కూలు గణితమే. కాగితం మీద చేసి చూద్దాం.

అందరికీ తెలిసేలా రెండు అంకెలు పెట్టుకుందాం: ప్రధాన సంఖ్య 17, దానితోపాటు 3. బ్రౌజర్ మనసులో 6 అనుకుంది. 3ను ఆరు సార్లు గుణిస్తే 729. దాన్ని 17తో భాగిస్తే శేషం 15. ఈ 15ను బాహాటంగా పంపుతుంది. సర్వర్ మనసులో 7 అనుకుంది. 3ను ఏడు సార్లు గుణిస్తే 2,187, శేషం 11. సర్వర్ ఆ 11ను పంపుతుంది. ఇప్పుడు బ్రౌజర్ తనకు వచ్చిన 11ను ఆరు సార్లు గుణిస్తే 17,71,561. శేషం 8. సర్వర్ తనకు వచ్చిన 15ను ఏడు సార్లు గుణిస్తే 17,08,59,375. దాని శేషమూ 8!

ఆ 8 వైరు మీద ఎక్కడా వెళ్ళలేదు. రెండు చివరలా విడివిడిగా పుట్టింది. కారణం చిన్నదే: 3ను ముందు ఆరు సార్లు, వచ్చినదాన్ని మళ్ళీ ఏడు సార్లు గుణించినా, ముందు ఏడు తర్వాత ఆరు చేసినా, మొత్తం నలభై రెండు మూళ్ళే. మధ్యలో శేషాలు తీసుకుంటూ పోయినా చివరి శేషం మారదు.

వినేవాడి చేతిలో 17, 3, 15, 11 ఉన్నాయి. 3ను ఎన్నిసార్లు గుణిస్తే శేషం 15 వస్తుందో తేలితే చాలు. వరసగా చేస్తే శేషాలు 3, 9, 10, 13, 5, 15 అని వస్తాయి. ఆరో అడుగులో దొరికిపోయాడు, 17 చిన్నది కాబట్టి. కాని ఆ వరస చూడండి: పెరిగి, పెరిగి, ఒక్కసారిగా కిందికి దూకి, మళ్ళీ పైకి లేచింది. శేషం తీయకపోతే అంకె పెద్దదయ్యే తీరును బట్టి ఎన్నిసార్లు గుణించామో, అంటే ఘాతాంకం ఎంతో పసిగట్టవచ్చు. శేషం ఆ ఆనవాలును తుడిచేస్తుంది. 17కు బదులు 617 అంకెల ప్రధాన సంఖ్యను పెట్టండి. వర్గం చేసి, దాన్ని మళ్ళీ వర్గం చేస్తూ పోయే పద్ధతిలో, మన ఘాతాంకం ఎంత పెద్దదైనా కొన్ని వేల గుణకారాల్లో లెక్క ముగుస్తుంది. వెనక్కి వెళ్ళడానికి మాత్రం నేటి కంప్యూటర్లన్నీ కలిసినా చాలవు. బియ్యాన్ని పిండి పట్టించినంత తేలిక ముందుకు, ఆ పిండిని మళ్ళీ బియ్యం చేసినంత కష్టం వెనక్కి.

ఒక లోటుంది. 11 పంపింది నిజంగా మనం తెరిచిన సైటు సర్వరేనా? మధ్యలో దూరినవాడు ఇటు ఒక కీ, అటు ఒక కీ తయారుచేసుకుని కూర్చోవచ్చు. అందుకే సర్వర్ ఆ సంభాషణ మీద డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ సంతకం ఫలానా సైటుదేనని సర్టిఫికెట్ చెబుతుంది. ఆ సర్టిఫికెట్‌ను ఇచ్చినవారిని నమ్మవచ్చో లేదో బ్రౌజర్‌లో ముందే ఉన్న జాబితా చెబుతుంది.

ఇంత చక్కని ఉపాయం వెబ్‌లో చాలా ఏళ్ళ పాటు వెనక వరసలోనే ఉండిపోయింది. 1977లో ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ కనిపెట్టిన ఆర్‌ఎస్‌ఏ దాన్ని దాటేసింది. ఆర్‌ఎస్‌ఏ దారిలో బ్రౌజరే ఒక రహస్యం తయారుచేసి, సర్వర్ అందరికీ ఇచ్చే బహిరంగ కీతో మూసి పంపుతుంది. తెరిచే కీ సర్వర్ దగ్గరే ఉంటుంది. బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ 1995లో హెచ్‌టీటీపీఎస్ వెనక పనిచేసే ఎస్‌ఎస్‌ఎల్‌ను బయటికి తెచ్చినప్పుడు ఈ పద్ధతే పెట్టుకుంది. సర్వర్‌కు లెక్క తక్కువ, పని సులువు. కాని రహస్యం ప్రయాణం చేసింది! ఎవరైనా ఏళ్ళ తరబడి ఆ మూటలను రికార్డు చేసి దాచుకుని, చివరికి ఒక్కరోజు సర్వర్ కీ సంపాదిస్తే పాత మాటలన్నీ విప్పేయగలడు. డిఫీ, హెల్‌మన్‌ల పద్ధతిలో 6, 7 లాంటి అంకెలను ప్రతిసారీ కొత్తగా అనుకుని, పని కాగానే చెరిపేయవచ్చు. తర్వాత సర్వర్‌నే ఎత్తుకుపోయినా పాత మాటలు దొరకవు.

2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడి, సర్వర్ మెమరీలోంచి కీలే కారిపోతాయని తేలినప్పుడు ఈ తేడా అందరికీ అర్థమైంది. ఎస్‌ఎస్‌ఎల్ స్థానంలోకి వచ్చిన ప్రమాణం టీఎల్‌ఎస్. 2018లో వచ్చిన దాని 1.3 వెర్షన్ ఆర్‌ఎస్‌ఏతో కీ పంపడాన్ని పూర్తిగా తీసేసింది. తమ లోపలి నెట్‌వర్కులను గమనించుకోవడానికి ఆ పద్ధతిని ఉంచమని ఆర్థిక సంస్థల తరఫున అభ్యర్థన వచ్చినా, ప్రమాణం రాసినవారు ఒప్పుకోలేదు. వారు చేసింది సరైన పని.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో మాల్కం విలియమ్‌సన్ 1974లోనే ఇదే లెక్క కనిపెట్టినట్టు 1997 డిసెంబరులో బయటపడింది. 2015లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టడంతో చిన్న సైట్లకూ తాళం వచ్చింది. అదే ఏడాది ట్యూరింగ్ అవార్డు డిఫీ, హెల్‌మన్‌లకు దక్కింది. తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే శేషాల లెక్క వెనక్కి తిరుగుతుంది కాబట్టి, 2024లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎంఎల్-కెమ్ అనే కొత్త పద్ధతిని ఖరారు చేసింది. బ్రౌజర్లు ఇప్పుడు పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ జంటగా వాడుతున్నాయి. ఏ సంభాషణ కీని ఆ సంభాషణతోనే పారేయడం మాత్రం అలాగే ఉంది.

వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దీన్ని కళ్ళారా చూడవచ్చు. ఒక సైటు తెరిచి, ‘క్లయింట్ హలో’ అనే మొదటి ప్యాకెట్‌లో ‘కీ షేర్’ అన్న వరస వెతకండి. పైన మన లెక్కలోని 15 ఉన్న చోట అక్కడ పాత పద్ధతికి 32 బైట్లు ఉంటాయి, కొత్త పద్ధతి జత కలిస్తే ఇంకా ఎక్కువ. 617 అంకెల సంఖ్యకు బదులు దీర్ఘవృత్త వక్రాల మీది బిందువులు వాడడం వల్ల పాత పద్ధతికి ఆ 32 బైట్లే సరిపోయాయి. ‘సర్వర్ హలో’లో సర్వర్ పంపే వాటా కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చేవి చదవలేం.

ఘాతాన్ని ఘాతానికి హెచ్చిస్తే ఘాతాంకాలను గుణించాలన్న సూత్రం పిల్లలు బడిలో బట్టీ పడతారు. ఇది ఎందుకు పనికొస్తుందని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆ పాఠంలోనే 17తో ఈ లెక్క చేయించాలి. ఆ తర్వాత 23నూ 5నూ ఇచ్చి, ఇద్దరిద్దరిని జతచేసి, తమ అంకెలు తాము అనుకుని క్లాసంతా వినేలా శేషాలు చెప్పుకోమనాలి. చివరికి ఇద్దరి కాగితాల మీదా ఒకే అంకె వచ్చినప్పుడు, ఆ సూత్రం దేనికో మనం వేరే చెప్పక్కర్లేదు.