పిల్లి కూర నాకిందా..?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లలో మటన్ కూరంటే ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ దండిగా పడాల్సిందే. ఆ గిన్నెలో పిల్లి మూతి పెట్టిందా? ముక్క పోయిందని తిట్టుకుని ఊరుకోకండి. కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లిగడ్డ చాలు, పిల్లి ఎర్ర రక్తకణాలు చిట్లిపోవడానికి. మూడు కిలోల పిల్లికైతే చిన్న గడ్డలో సగం! ఎల్లిగడ్డ ఇంకా ప్రమాదం. ఉడికించినా విషం పోదు.

చిక్కేమిటంటే, ఆ రోజు పిల్లి హాయిగానే తిరుగుతుంది. కొన్ని రోజులకు చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ఎర్రబారుతుంది. అందాకా ఆగకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లి ఏం తిన్నదో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో చెప్పాలి. కక్కించాలని ఉప్పునీళ్లు తాగించొద్దు, ప్రాణం మీదికొస్తుంది. చాలామంది పోసే పాలు దీనికి విరుగుడు కాదు. నలతగా ఉందని పారాసిటమాల్ అసలే వేయొద్దు. ఒక్క మాత్రకే పిల్లి చనిపోవచ్చు.