విస్కాన్సిన్ పిల్లల భరణ సంస్కరణలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని విస్కాన్సిన్ రాష్ట్రములో, తల్లిదండ్రులు విడిగా నివసిస్తున్నప్పుడు పిల్లల పోషణకు చెల్లించవలసిన సొమ్మును నిర్ణయించి వసూలు చేసే పద్ధతిలో 1980 దశకములో తెచ్చిన మార్పులను విస్కాన్సిన్ పిల్లల భరణ సంస్కరణలు అంటారు. ఈ సొమ్ము భార్యకు చెల్లించే మనోవర్తి కంటే వేరైనది. ఇది పిల్లల హక్కు.

నేపథ్యము

అమెరికాలో కుటుంబ చట్టాలు ప్రధానముగా రాష్ట్రాల పరిధిలోనివి. భరణము ఎంత ఉండాలన్నది చాలా కాలము న్యాయమూర్తి విచక్షణకే వదలివేయబడినది. అందువలన ఒకే ఆదాయము గల ఇద్దరు తండ్రులకు రెండు న్యాయస్థానాలలో రెండు రకాల తీర్పులు వచ్చేవి. తీర్పు వచ్చినా సొమ్ము చేతికి వస్తుందన్న నమ్మకము ఉండేది కాదు. బకాయి పడిన ప్రతిసారి తల్లి మరల కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చేది. ఆ భారము చివరకు ప్రభుత్వ సహాయ పథకాలపై పడుతున్నందున 1975లో సమాఖ్య ప్రభుత్వము రాష్ట్రాల వసూలు కార్యక్రమాలకు నిధులివ్వడము ప్రారంభించినది.

దేశములో మొదటి నిరుద్యోగ బీమా చట్టమును 1932లో చేసినది విస్కాన్సిన్ రాష్ట్రమే. భరణము విషయములోను విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు పేదరిక పరిశోధనా సంస్థలో ఇర్విన్ గార్ఫింకెల్ తదితరులు ఒక పథకమును రూపొందించారు. అందులో మూడు భాగాలున్నాయి.

శాతము పద్ధతి

మొదటి భాగము చాలా సులభమైనది. పిల్లలు తన వద్ద లేని తల్లి లేదా తండ్రి స్థూల ఆదాయములో ఒక బిడ్డకు 17, ఇద్దరికి 25, ముగ్గురికి 29, నలుగురికి 31, అంతకు మించినచో 34 శాతము భరణముగా నిర్ణయించబడినది. నెలకు 2,000 డాలర్లు సంపాదించే తండ్రి ఇద్దరు పిల్లలకు 500 డాలర్లు ఇవ్వాలి. 1983లో ప్రకటించినపుడు ఇది న్యాయమూర్తులకు సూచన మాత్రమే. 1987 నుండి తగిన కారణము చూపితే తప్ప తప్పనిసరిగా పాటించవలసినదయినది.

జీతమునుండి కోత

రెండవ భాగము వసూలుకు సంబంధించినది. మన దేశములో ప్రావిడెంట్ ఫండు కోసినట్లే, బకాయి పడేవరకు వేచి ఉండకుండా యజమానియే భరణమును జీతమునుండి మినహాయించి పంపాలి. 1984లో పది కౌంటీలలో ప్రారంభమైన ఈ ఏర్పాటు 1987లో రాష్ట్రమంతటికీ విస్తరించినది. ఈ రెండు పద్ధతులు ఇతర రాష్ట్రాలకు మార్గదర్శకమైనవి. 1988 నాటి సమాఖ్య కుటుంబ సహాయ చట్టము అన్ని రాష్ట్రాలలోను భరణ సూత్రమును, జీతపు కోతను తప్పనిసరి చేసినది.

అమలు కాని భాగము

మూడవది హామీ భృతి. తండ్రి చెల్లించలేనపుడు ప్రభుత్వమే కనీస మొత్తమును బిడ్డకు ఇవ్వాలని ఉద్దేశము. ఇందుకు 1984లో సమాఖ్య చట్టము వీలు కల్పించినా, అది ఎన్నడూ అమలు కాలేదు. పథకములో అత్యంత పేద పిల్లలకు ఆసరా కావలసినది ఈ భాగమే. జీతమే లేని తండ్రి నుండి ఏ శాతము కోసినా వచ్చేది ఏమీ ఉండదు.

సహాయ పథకములో ఉన్న కుటుంబము తరఫున వసూలైన భరణములో ఎక్కువ భాగమును ప్రభుత్వమే తన ఖర్చు కింద ఉంచుకొనేది. తండ్రి చెల్లించిన సొమ్ము బిడ్డకు చేరదన్న మాట. 1997 నుండి విస్కాన్సిన్ అటువంటి కుటుంబాలలో అత్యధిక భాగమునకు మొత్తము సొమ్మును అందజేసినది. తరువాత ఈ వాటా తగ్గించబడినది.

విమర్శలు, మార్పులు

పిల్లలు ఎవరి వద్ద ఉన్నారో వారి ఆదాయమును లెక్కించకపోవడము ఈ సూత్రముపై ప్రధాన విమర్శ. అధిక సంఖ్యాక రాష్ట్రాలు ఇద్దరి ఆదాయాలను కలిపి లెక్కించే పద్ధతిని ఎంచుకొన్నాయి. విస్కాన్సిన్ మూల సూత్రమును విడువలేదు గాని, ఇద్దరి వద్దను పిల్లలు ఏడాదిలో కనీసము 25 శాతము కాలము గడిపే సందర్భాలకు, అల్పాదాయ, అధికాదాయ వర్గాలకు వేరు లెక్కలు చేర్చినది.

భారతదేశములో

భారతదేశములో ఇటువంటి శాతపు పట్టిక లేదు. నేర విచారణ స్మృతి 125వ సెక్షను కింద నెలకు 500 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండేది. 2001 సవరణ దానిని తొలగించినది. 2024 జూలై 1 నుండి ఈ నిబంధన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనుగా ఉన్నది. మొత్తమును మేజిస్ట్రేటే నిర్ణయిస్తారు. ఇరు పక్షాలు ఆస్తి, ఆదాయ వివరాలను ప్రమాణ పత్రము ద్వారా తెలపాలని 2020లో రజనీష్ – నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినది.