మన పందికొక్కే... ఇంగ్లిష్ బ్యాండికూట్!

పల్లి చేను పీకే రోజులొచ్చాయంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు రైతుకు ఒక దొంగతో పేచీ తప్పదు. గట్టు కింద కలుగు తవ్వుతుంది. కాయల్ని మోసుకెళ్లి లోపల దాచుకుంటుంది. పొగపెట్టినా ఓ పట్టాన లొంగదు. అదే పందికొక్కు! ప్రజల సొమ్ము కాజేసినవాళ్లనీ ‘పందికొక్కుల్లా మెక్కారు’ అని తిట్టిపోస్తాం. ఇంత చెడ్డపేరున్న ఈ మాట ఇంగ్లిష్ నిఘంటువుల్లో దర్జాగా కూర్చుందని తెలుసా?

1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నప్పటి నుంచీ ఇంగ్లిష్‌వాళ్ల చెవిన తెలుగు పడుతూనే ఉంది. పందికొక్కు వాళ్ల నోట్లో నలిగి ‘బ్యాండికూట్’ అయింది. ఇలా మన దేశం నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాటలతో హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు 1886లో వచ్చింది. బ్యాండికూట్ పుట్టిల్లు తెలుగేనని అందులో స్పష్టంగా రాశారు.

అసలు తమాషా ఆస్ట్రేలియాలో జరిగింది. అక్కడ పొడుగు మూతితో నేల తవ్వే ఓ జంతువును చూసి 1799లో జార్జ్ బాస్ అనే అన్వేషకుడు దాన్ని బ్యాండికూట్ అన్నాడు. నిజానికి అది ఎలుక జాతే కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. ఆ సంచి మూతి వెనక్కి ఉంటుంది... తవ్వేటప్పుడు పిల్లల మీద మట్టి పడకుండా! పిల్లలు ఆడుకునే ‘క్రాష్ బ్యాండికూట్’ వీడియోగేమ్ (1996) హీరో కూడా ఈ ఆస్ట్రేలియా బాపతే.

మనం వదిలించుకోవాలనుకునే పేరును అక్కడివాళ్లు కాపాడుకుంటున్నారు. నక్కలు, పిల్లుల వాతపడి ‘ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్’ ఆ దేశ ప్రధాన భూభాగంలోని సహజ ఆవాసాల్లోంచి మాయమైంది. కంచెలు కట్టి, దీవుల్లో వదిలి 30 ఏళ్లకు పైగా శ్రమించాక, దాన్ని ఆ ‘అంతరించిన’ జాబితా నుంచి 2021లో తప్పించగలిగారు.

ఇక మన దేశంలోనే ఈ పేరుకు మరో గౌరవం దక్కింది. మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక మనుషులు చనిపోకూడదని కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ సంస్థ ఓ రోబోను తయారుచేసింది. 2018లో తిరువనంతపురంలో పనిలోకి దిగిన ఆ యంత్రం పేరు బ్యాండికూట్. చేలో దొంగ పేరే, మురుగులో మనిషి ప్రాణానికి అడ్డం నిలిచింది!