పండుగకు ముందు ఒక నిరీక్షణ: క్రిస్మస్ సందడిలో ఆగమన కాలం

డిసెంబరు మొదటి వారం గడవకముందే తెలుగు రాష్ట్రాల్లో ‘సెమీ క్రిస్మస్’ వేడుకలు మొదలవుతాయి. పాఠశాలల్లో, కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో కేకులు కోస్తారు. రాత్రివేళ కేరల్స్ బృందాలు ఇంటింటికీ తిరుగుతాయి. కొత్త బట్టలు, పిండివంటలు, ప్రయాణాలు, చర్చి అలంకరణ, పిల్లల నాటికల సాధన అన్నీ ఒకేసారి మీద పడతాయి. 24వ తేదీ రాత్రి ఆరాధనకు చేరేసరికి, పండుగ ఇంకా రాకముందే అలసట వచ్చి కూర్చుంటుంది.

ఈ హడావుడికి విరుగుడు క్రైస్తవ సంప్రదాయంలోనే ఉంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను చర్చి క్యాలెండరు ‘ఆగమన కాలం’గా నిర్ణయించింది. రాక అని అర్థమిచ్చే ‘అడ్వెంటస్’ అనే లాటిన్ మాట నుంచి అడ్వెంట్ అన్న పేరు వచ్చింది. నవంబరు 30కి అతి సమీపంలోని ఆదివారంతో ఇది ఆరంభమవుతుంది. కథోలిక, సీఎస్ఐ, లూథరన్ సంఘాలు దీనిని పాటిస్తాయి. స్వతంత్ర సంఘాల్లో ఈ క్రమం అంతగా కనిపించదు.

ఈ రోజుల్లో ఆరాధనలో ఊదా రంగు వస్త్రాలు వాడతారు. అది పశ్చాత్తాపానికి, సంసిద్ధతకు గుర్తు. కథోలికుల ఆదివారపు పూజలో ‘గ్లోరియా’ స్తుతిగీతం వినిపించదు. బేత్లెహేము పొలాల్లో దేవదూతలు చేసిన స్తోత్రంతో ఆరంభమయ్యే గీతమది. అందుకే ఆ రాత్రి వచ్చేదాకా దానిని దాచి ఉంచుతారు. సంతోషాన్ని వాయిదా వేయడం నేటి మార్కెట్‌కు బొత్తిగా తెలియని విద్య.

కేరళలోని సిరియన్ క్రైస్తవులు ఈ విద్యను వంటింటిదాకా తీసుకువెళ్లారు. డిసెంబరు 1 నుంచి వారు పాటించే ‘ఇరువత్తంజు నోంబు’ అంటే ఇరవై అయిదు రోజుల నోము. ఆ రోజుల్లో మాంసం, చేపలు ముట్టరు. క్రిస్మస్ పూజ ముగిశాకే మాంసాహారం తిరిగి పళ్లెంలోకి వస్తుంది. నెల పొడవునా కేకులు తిన్నవారికి 25న తినే కేకు మరో కేకు మాత్రమే. నోము పట్టినవారికి ఆ ఉదయపు భోజనం వేరు.

తెలుగు నేలపై మరో ఉదాహరణ మెదక్ చర్చి. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మితమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొంది. కరువు రోజుల్లో పనికి ప్రతిగా అన్నం పెట్టి కట్టించిన మందిరమిది. ఏటా క్రిస్మస్ తెల్లవారుజామున అక్కడికి చేరే జనసందోహం వార్తల్లో కనిపిస్తుంది కానీ, ఆ రాళ్లు మోసినవారి ఆకలి కనిపించదు. లూకా సువార్తలో మరియమ్మ పాడిన గీతం మాట్లాడేది ఆకలిగొన్నవారి గురించే.

ఈ దృష్టితో చూస్తే ఆగమన కాలం అందరికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చేది పండుగ బరువైన ఇళ్లకు. ఆ ఏడాదే ఆప్తులను పోగొట్టుకున్నవారు, అప్పు చేసి పిల్లలకు బట్టలు కొన్నవారు, గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఫోను కోసం ఎదురుచూసే పిల్లలు నవ్వుతూ కనిపించాల్సిన పని లేని రోజులివి. ఈ వారాల్లో చదివే యెషయా ప్రవచనాలు కూడా చీకటిలో ఉన్న జనాన్ని ఉద్దేశించినవే. పాశ్చాత్య దేశాల్లో కొన్ని చర్చిలు డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలోకెల్లా దీర్ఘమైన రాత్రివేళ, దుఃఖంలో ఉన్నవారి కోసం ప్రత్యేక ఆరాధన జరుపుతాయి. మన సంఘాలూ ఆలోచించదగిన ఏర్పాటే.

అలాగని సెమీ క్రిస్మస్‌ను తప్పుపట్టనక్కరలేదు. ఇతర మతాల సహోద్యోగులు, ఇరుగుపొరుగు కలిసి కూర్చునే సందర్భమది. దానితోపాటు రోజుకు పావుగంట మౌనానికి కేటాయించడం అసాధ్యమూ కాదు. లూకా సువార్తలో 24 అధ్యాయాలున్నాయి. డిసెంబరు 1న మొదలుపెట్టి రోజుకొకటి చదివితే పండుగ ముందురోజుకు పూర్తవుతుంది. కొందరు ఇలాగే చదువుతారు.

మరో సంగతి చాలామంది మరచిపోతున్నారు. చర్చి లెక్కలో 25వ తేదీ పండుగకు ముగింపు కాదు, ఆరంభం. అక్కడినుంచి పన్నెండు రోజులు, జనవరి 5 వరకు, క్రిస్మస్ కాలమే. జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ మర్నాడు వస్తుంది. హడావుడిలో వెళ్లలేకపోయిన వృద్ధాశ్రమానికి, పలకరించలేకపోయిన బంధువుల ఇంటికి అప్పటిదాకా వ్యవధి ఉంది.