మట్టిలో మిగిలిన కొయ్యకోటలు

ఇంగ్లండులోను, వేల్సులోను కొన్ని ఊళ్ల పక్కన బోర్లించిన గంపవంటి మట్టిదిబ్బ కనబడుతుంది. దాని నెత్తి చదునుగా ఉంటుంది. చుట్టూ సగం పూడిన అగడ్త, పక్కనే మట్టికట్ట నడుమ ఒక ఆవరణ ఉంటాయి. గోడ గాని, గుమ్మం గాని కానరావు. అయినా అది ఒకనాటి కోట.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించారు. లొంగని ప్రజల నడుమ నిలవడానికి వారికి త్వరగా లేచే కోటలు కావలసివచ్చాయి. రాతికోటకు ఏళ్లు పడుతుంది. అందువల్ల అగడ్త తవ్వి, ఆ మట్టినే నడుమ పోసి దిబ్బ లేపారు. ఒక్క పనితో రెండు రక్షణలు సమకూడాయి. ఈ దిబ్బను 'మాట్' అని, దిగువ ఆవరణను 'బెయిలీ' అని అంటారు. దిబ్బపై కొయ్య బురుజు, ఆవరణలో ఇండ్లు, వంటశాల, గుర్రపుసాల ఉండేవి.

కొయ్య చివికిపోయిన తరువాత ఆ కట్టడాల రూపం తెలిసేదెట్లా? పాతిన స్తంభం కుళ్లినప్పుడు దాని చోటును మరొక మట్టి నింపుతుంది. పైపొరను మెల్లగా గీకితే ఆ చోటు వేరురంగు మచ్చగా తేలుతుంది. మచ్చల వరుసను బట్టి గోడ ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. ఒక మచ్చ మరొకదానిని కోసుకొనిపోతే, కోసినదే తరువాతిది.

వేల్సు సరిహద్దున మాంట్‌గోమరీ దగ్గర 'హెన్ డోమెన్' అనే కోటను 11వ శతాబ్దంలో రోజర్ ప్రభువు కట్టించాడు. ఫిలిప్ బార్కర్ అక్కడ 1960 నుండి 1992 వరకు తవ్వకాలు జరిపాడు. బెయిలీ కట్టడాలతో కిక్కిరిసి ఉండేదనీ, వాటిని పలుమార్లు తిరిగి కట్టారనీ తేలింది. కోటకట్ట అడుగున అంతకు పూర్వపు నాగటిచాళ్ల జాడలు కూడ బయటపడ్డాయి. కోట రాకముందు అది ఎవరో రైతు దున్నిన పొలమన్నమాట!

అయితే ఆకారం చూచి దిబ్బ వయస్సు చెప్పరాదు. మార్ల్‌బరో ఊరిలో నార్మనులు కోటగా వాడిన దిబ్బ ఒకటి ఉన్నది. దాని లోపలి బొగ్గును రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షించారు. బ్రతికిన చెట్టు గాలినుండి కార్బన్-14ను గ్రహిస్తుంది. చచ్చిన తరువాత అది సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలినదానిని కొలిస్తే కాలం తెలుస్తుంది. ఆ దిబ్బ క్రీ.పూ. 2400 ప్రాంతానిదని 2011లో ప్రకటించారు. నార్మనులకు అది అప్పటికే అతి ప్రాచీనమైనది!

మట్టిలోని మచ్చను ఒక్కసారే చదవగలము. తవ్వగానే అది చెరిగిపోతుంది. ప్రయోగశాలలో వలె ఈ ప్రయోగాన్ని మళ్లీ చేయడానికి వీలులేదు. అందుచేత ప్రతి పొరనూ కొలిచి, పటం గీసిన తరువాతనే తరువాతి పొరపై చేయివేయాలి. అడ్డదిడ్డంగా పడిన ఒక్క గునపపు పోటు, ఏ పుస్తకంలోను లేని ఒక పుటను చింపివేయగలదు.