ఆరంగుళముల మెట్టు

మన యూళ్లలో పిల్లలు సాయంకాలము చేరు పార్కుల ద్వారముకడ తఱచుగ ఒక మెట్టుండును. ఎత్తు ఆరంగుళములు మించదు. బడి వదలిన పిల్లలు దానిని చూడనైన చూడక ఎగిరి దాటుదురు. చక్రాల కుర్చీలో కూర్చున్న బాలికకు ఆ ఆరంగుళములే కోటగోడ. లోపల ఊయలలు, జారుడుబండలు, తోటివారి కేరింతలు, వెలుపల తాను. ఆమెకు నడక లేకపోవుట వ్యాధివలన కావచ్చును, ప్రమాదమువలన కావచ్చును. ఆట లేకపోవుట మాత్రము ఆ మెట్టు కట్టించిన మనవలననే కలిగినది.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. వారిలో బడియీడు పిల్లలు లక్షలకొలది కలరు. వారికి చదువు, వైద్యము కావలెనని అందఱు నొప్పుకొందురు. ఆట, గాలి, సముద్రతీరము కూడ కావలెనని తలచువారు అరుదు.

మెట్టు చిన్న అడ్డంకి. ఇసుక పెద్ద అడ్డంకి. చెన్నపట్టణపు మెరీనా తీరమున రోడ్డునుండి అలలవరకు వందలాది గజముల ఇసుక పఱచుకొని యున్నది. అందులో చక్రములు కూరుకొనిపోవును. వికలాంగుల సంఘములు పలుమార్లు కోరగా, కొన్ని యేండ్లు డిసెంబరు 3వ తేదీ, అనగా అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవ సమయమున, తాత్కాలికముగ బాట వేసి కొలది దినములలో తీసివేసెడివారు. సముద్రము ఏడాది పొడుగున నుండును. దారి మాత్రము కొలది దినములే! తుదకు 2022 నవంబరు 27వ తేదీన 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల శాశ్వతమైన కొయ్యబాట తెరువబడినది. పదునైదు దినములు గడవకముందే మాండూస్ తుఫానుకు దాని సముద్రపు కొస దెబ్బతిన్నది. తరువాత బాగుచేసి మరల తెరచిరి. దారి వేయుట సాధ్యమే. వేసిన దారిని కాపాడుట నిత్యకృత్యము. ఈ వృత్తాంతమువలన మనము నేర్వవలసినది ఇదియే.

పార్కునకు వాలుబాట కట్టుట అంతకంటె సులభము. అది లెక్కల మాస్టరుగారు నల్లబల్లపై చెప్పదగిన లెక్క. ఒక అడుగు ఎత్తు ఎక్కుటకు పండ్రెండడుగుల పొడవు కావలెను. ఆరంగుళములకు ఆరడుగులు చాలును. అంతకంటె నిటారుగ కట్టినచో కుర్చీ ఎక్కునపుడు వెనుకకు ఒరగును, దిగునపుడు పట్టు తప్పును. గేటు మూడడుగుల వెడల్పైన తెరచుకొనవలెను. మోటారు సైకిళ్లు రాకుండుటకై పాతిన ఇనుప స్తంభములు కుర్చీనికూడ ఆపుచున్నవని మరువరాదు. ఊయలకు వీపు ఆనుటకు పలక, నడుమునకు పట్టి యుండవలెను.

చూపు లేనివారికి పాదమునకు తెలియు ఉబ్బెత్తు పలకల బాట కావలెను. వీనిని జపానుదేశీయుడు సెయిచీ మియాకె కనిపెట్టగా, 1967లో ఒకయామా నగరమున మొదట పఱచిరి. మల్లె, సంపెంగ, మరువము వంటివి చేతికందు తిన్నెలపై పెంచినచో వారు తోటను వాసనతోను స్పర్శతోను చూతురు. ఈ యేర్పాట్లు వికలాంగులకే కాదు; చేతికఱ్ఱతో వచ్చు తాతగారికి, బిడ్డను బండిలో త్రోయు తల్లికి కూడ ఉపకరించును.

ఇది దయాధర్మము కాదు, హక్కు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము 29వ సెక్షను, ఇతరులతో సమానముగ వినోదములలో పాల్గొను హక్కును కాపాడు బాధ్యతను ప్రభుత్వముపైనను, స్థానిక సంస్థలపైనను ఉంచినది. 2024 నవంబరు 8వ తేదీన సుప్రీంకోర్టు, ఇట్టి సౌకర్యముల ప్రమాణములు సలహాలుగా మాత్రమే యుండరాదనియు, విధిగా పాటింపవలసిన నియమములు కావలెననియు తీర్పు చెప్పినది.

అయినను తీర్పు తానుగా వచ్చి మెట్టును తొలగింపదు. ఉపాధ్యాయులు ఒక సాయంకాలము విద్యార్థులను వెంటబెట్టుకొని తమ యూరి పార్కునకు పోవుదురు గాక. ఒకరు టేపు పట్టి మెట్టును, గేటును, మరుగుదొడ్డి తలుపును కొలువవలెను, మఱియొకరు వ్రాసికొనవలెను. ఆ కాగితమును పురపాలక కార్యాలయమున నిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. ఆ జట్టులో నడువలేని విద్యార్థి యొకరు తప్పక యుండవలెను. ఏ చక్రము ఎచ్చట ఆగునో ఆ బిడ్డకు తెలిసినంత మన టేపునకు తెలియదు.